ప్రపంచ వారసత్వాన్ని కాపాడటంలో దేశాల సహకారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదైనా కట్టడానికో అడవికో యునెస్కో గుర్తింపు వచ్చిందని వార్త రాగానే కొన్ని సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఇక ఆ చోటు ఎవరి చేతిలో ఉంటుంది? డబ్బులు వస్తాయా? యుద్ధం వస్తే ఎవరు ఆపుతారు? అలాంటి ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. కొన్ని ఒక్క ముక్కలో తేలిపోతాయి, కొన్నింటికి కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది. అంకెలు 2025 నాటివి.

ఒక దేశంలోని గుడినో అడవినో కాపాడుకోవడంలో మిగతా దేశాలకేం పని?

మొదటి బాధ్యత ఆ దేశానిదే. అంతర్జాతీయ ఒడంబడికలు కూడా ఈ మాటతోనే మొదలవుతాయి. కానీ ఒక దేశం ఒంటిచేత్తో చేయలేని పనులు కొన్ని ఉంటాయి. ఒక విగ్రహం ఒక దేశంలో దొంగల పాలవుతుంది, రెండో దేశంలో దొంగ కాగితాలు పుట్టించుకుంటుంది, మూడో దేశంలో వేలానికి వస్తుంది. వేసవంతా ఒక చిత్తడి నేలలో గడిపిన పక్షులు చలికాలానికి ఇంకో ఖండం చేరతాయి, అక్కడి మడుగులు పూడ్చేస్తే ఇక్కడ ఎంత కాపాడినా లాభం లేదు. భూకంపం వచ్చిన వారానికల్లా పాత ఇటుక గోడలను ఎలా నిలబెట్టాలో తెలిసిన ఇంజినీర్లు అన్ని దేశాల్లోనూ దొరకరు. అందుకే సహకారం.

ఇదంతా ఎప్పుడు, ఎలా మొదలైంది?

నైలు నది దగ్గర మొదలైందని చెప్పుకోవచ్చు. ఈజిప్టు అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టాలనుకుంది. సాగునీటికి, కరెంటుకు అది ఆ దేశానికి తప్పనిసరి. కడితే ఎగువన పుట్టే జలాశయంలో రెండో రామ్సెస్ మూడు వేల ఏళ్లకు పైగా కిందట కొండను తొలిపించిన అబూ సింబెల్ ఆలయాలు మునిగిపోతాయి. పక్కనున్న సూడాన్‌లోని పురాతన స్థలాలదీ అదే గతి. ఈజిప్టు, సూడాన్ రెండూ యునెస్కో సాయం అడిగాయి. 1960 మార్చి 8న యునెస్కో ప్రపంచ దేశాలన్నింటికీ పిలుపునిచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఇవాళ చదివినా నమ్మబుద్ధి కాదు. 1964 నుంచి 1968 దాకా ఆలయాలను వెయ్యికి పైగా రాతి ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్క 20, 30 టన్నులు. వాటిని దాదాపు 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి తరలించి, మళ్లీ అచ్చం అలాగే పేర్చారు. వెనకాల కొండ లేకపోతే అసలు రూపం రాదని కాంక్రీటు గుమ్మటం కట్టి, దాని మీద కొండ కూడా తయారు చేశారు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి అక్టోబరులో ఒకసారి, సూర్యకిరణాలు గర్భాలయం దాకా వెళ్లేలా పాత శిల్పులు పెట్టిన దిశను కూడా వదల్లేదు.

న్యూబియా (అస్వాన్‌కు ఎగువన ఈజిప్టు, సూడాన్‌లలో విస్తరించిన నైలు తీరం) రక్షణ ఉద్యమం మొత్తానికి దాదాపు 8 కోట్ల డాలర్లు ఖర్చయింది. అందులో సగం 50 దాకా దేశాలు ఇచ్చాయి. కృతజ్ఞతగా ఈజిప్టు కొన్ని చిన్న ఆలయాలను ఏకంగా బహుమతిగా ఇచ్చేసింది. దెందూర్ ఆలయం న్యూయార్క్‌లో, దేబోద్ ఆలయం మాడ్రిడ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆనకట్ట ఆగలేదు, ఆలయాలూ పోలేదు. ‘అభివృద్ధా, వారసత్వమా’ అని వాదన మొదలైన ప్రతిసారీ నాకు ఈ ఉదాహరణే గుర్తొస్తుంది.

1972 ప్రపంచ వారసత్వ ఒడంబడికలో ఏముంది?

అబూ సింబెల్ తర్వాత ప్రతిసారీ కొత్తగా చందాలు పోగుచేసే బదులు ఒక శాశ్వత ఏర్పాటు ఉండాలనిపించింది. మరోవైపు ప్రకృతి సంరక్షకులు జాతీయ పార్కుల కోసం ఇలాంటిదే అడుగుతున్నారు. రెండింటినీ ఒకే కాగితం మీదికి తెచ్చారు. 1972 నవంబరు 16న పారిస్‌లో యునెస్కో మహాసభ దీన్ని ఆమోదించింది, 1975లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 196 దేశాలు ఇందులో ఉన్నాయి. ప్రపంచంలో ఇన్ని దేశాలు ఒప్పుకున్న ఒప్పందాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సారాంశం ఇది: నా దేశంలో ఉన్నదాన్ని నేను కాపాడతాను, నీ దేశంలో ఉన్నదానికి తెలిసి తెలిసి హాని చేయను, నువ్వు అడిగితే చేతనైన సాయం చేస్తాను. ‘అడిగితే’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. కింద వచ్చే సగం ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంది.

ఈ ఒడంబడిక కింద నడిచే ప్రపంచ వారసత్వ జాబితాలో చేరితే ఆ స్థలం యునెస్కో సొంతమవుతుందా?

కాదు. పట్టా మారదు, చట్టం మారదు, కాపలా సిబ్బంది మారరు. యునెస్కోకి సొంత పోలీసులు లేరు, జరిమానా వేసే అధికారం లేదు. గుర్తింపును చాలామంది బిరుదు అనుకుంటారు గానీ, నిజానికి అది ఆ దేశం అందరి ముందు రాసిచ్చిన పూచీకత్తు లాంటిది.

జాబితాలో చేర్చాలని ఎవరు నిర్ణయిస్తారు?

దరఖాస్తు పెట్టేది దేశం. వేరే ఎవరూ పెట్టలేరు, ఎంత పెద్ద సంస్థ అయినా సరే. ముందు ఆ స్థలం ఆ దేశపు తాత్కాలిక జాబితాలో కనీసం ఏడాది పాటు ఉండాలి. తర్వాత పూర్తి నివేదిక తయారు చేయాలి. పటాలు, చరిత్ర, యాజమాన్య ప్రణాళిక, చుట్టూ బఫర్ జోన్ (రక్షణ వలయం), ఇలాంటివే మరెక్కడెక్కడ ఉన్నాయో పోలిక, ఇలా వందల పేజీలు అవుతుంది. ఈ పోలిక దగ్గరే చాలా దరఖాస్తులు తేలిపోతాయి. ‘మాకు ఇది గొప్పది’ అంటే చాలదు, ప్రపంచంలో దీని స్థానమేంటో చూపించాలి.

కట్టడాలను ఐకోమాస్, అడవులను ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థల నిపుణులు పరిశీలిస్తారు. వాళ్లు ఆ చోటికి మనిషిని పంపి చూసి వస్తారు. రోమ్‌లోని ఇక్రోమ్ అనే సంస్థ శిక్షణ, మరమ్మతు మెళకువల సంగతి చూస్తుంది. ఈ దశకే ఏడాదిన్నర పడుతుంది. చివరి మాట 21 దేశాల ప్రతినిధులున్న ప్రపంచ వారసత్వ కమిటీది. అది ఏడాదికోసారి కూర్చుంటుంది. ఇప్పుడు ఒక దేశం ఏడాదికి ఒక్క దరఖాస్తే పెట్టుకోవాలి.

1978లో 12 చోట్లతో మొదలైన జాబితాలో ఇప్పుడు 1,248 ఉన్నాయి. వీటిలో 972 సాంస్కృతికం, 235 సహజం, 41 రెండూ కలిసినవి.

‘రెండూ కలిసినవి’ అంటే?

కొండ ఒకరికి భూగర్భ శాస్త్రం, ఇంకొకరికి పూర్వీకులు. న్యూజీలాండ్‌లోని టోంగరీరో అగ్నిపర్వతాలను 1990లో ప్రకృతి పరంగానే చేర్చారు. అవి అక్కడి ఆదివాసులైన మావోరీలకు ఎంత పవిత్రమో పరిగణనలోకి తీసుకుని 1993లో సాంస్కృతిక స్థలంగా కూడా గుర్తించారు. ప్రకృతి వేరు, సంస్కృతి వేరు అని గీత గీయడం ఎక్కువ సమాజాలకు తెలియని పద్ధతి. ఒడంబడిక రాసినవాళ్లకు ఆ సంగతి అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

గుర్తింపు వస్తే డబ్బులు వస్తాయా?

తక్కువే. ప్రపంచ వారసత్వ నిధి అని ఒకటి ఉంది. సభ్య దేశాలు యునెస్కోకి కట్టే చందాలో 1 శాతానికి మించకుండా ఇందులో వేస్తాయి. ఏడాదికి పోగయ్యేది కొన్ని మిలియన్ డాలర్లే. దాన్ని వెయ్యికి పైగా స్థలాలకు పంచితే ఏం మిగులుతుందో లెక్క వేసుకోండి. అందుకే ఆ నిధిని ఎక్కువగా అత్యవసర సాయానికి, శిక్షణకు, పేద దేశాలు దరఖాస్తు తయారు చేసుకోవడానికి వాడతారు.

పెద్ద మొత్తాలు పక్క దారిలో వస్తాయి. ఒక దేశం నేరుగా ఇంకో దేశానికి ఇస్తుంది, లేదా ప్రపంచ బ్యాంకు లాంటివి ఇస్తాయి. యుద్ధ ప్రాంతాల కోసం 2017లో ఫ్రాన్స్, యూఏఈ చొరవతో జెనీవాలో ‘అలిఫ్’ అనే నిధి ఏర్పడింది. డబ్బు కంటే విలువైన సాయం మనుషులని నా అభిప్రాయం. కంబోడియాలోని అంకోర్‌నే తీసుకోండి. అంతర్యుద్ధం ముగిసేసరికి అక్కడ గుడులను చూసుకునే నిపుణులు దాదాపు లేకుండా పోయారు. 1993లో ఫ్రాన్స్, జపాన్ సహ అధ్యక్షులుగా ఒక సమన్వయ కమిటీ పెట్టారు. ఎన్నో దేశాల బృందాలు తలా ఒక గుడి తీసుకున్నాయి, ఎవరి పద్ధతి వాళ్లది. పద్ధతులు ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా ఆ కమిటీ ఏటా కూర్చోబెట్టి మాట్లాడించింది, పనితో పాటు అక్కడి యువతకు శిక్షణ కూడా సాగింది. 2004లో అంకోర్ ప్రమాద జాబితా (దాని సంగతి కింది ప్రశ్నలో) నుంచి బయటపడింది.

ప్రమాద జాబితా అంటే శిక్షా?

కాదు, కానీ చాలా ప్రభుత్వాలు అలాగే చూస్తాయి. తమ పరువు పోయినట్టు టెన్షన్ పడిపోతాయి. అసలు ఉద్దేశం అంబులెన్స్ లాంటిది: ఇక్కడ పరిస్థితి బాగాలేదు, అందరూ చూడండి, సాయం చేయండి అని. ఇప్పుడు ఈ జాబితాలో 50కి పైగా స్థలాలున్నాయి.

దీన్ని తెలివిగా వాడుకున్న దేశాలూ ఉన్నాయి. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలను 2010లో మళ్లీ ఈ జాబితాలో పెట్టమని అడిగింది అమెరికాయే. ఎల్లోస్టోన్ పక్కన బంగారు గని తవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు 1995లో ఆ పార్కు ఈ జాబితాలో చేరింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ గనిని ఆపించింది.

నాకు బాగా నచ్చిన కథ బెలీజ్‌ది. ఆ చిన్న దేశపు పగడపు దిబ్బలు 2009లో ప్రమాద జాబితాకెక్కాయి. మడ అడవులు నరికేస్తున్నారు, సముద్రంలో చమురు తవ్వకాలు జరగొచ్చు అన్నవి అప్పటి భయాలు. దేశంలో జనం గట్టిగా పట్టుబట్టారు, బయటి నుంచి ఒత్తిడి తోడైంది. 2017 చివర్లో తన సముద్ర జలాలన్నింటిలోనూ చమురు వెతుకులాటను బెలీజ్ నిలిపేసింది. 2018లో జాబితా నుంచి పేరు తీసేశారు. అస్సాంలోని మానస్ అభయారణ్యం కూడా 1992లో చేరి, సాయుధ అలజడి సద్దుమణిగాక 2011లో బయటికొచ్చింది.

అన్నీ ఇలా ముగియవు. జెరూసలేం పాత నగరం 1982 నుంచి అందులోనే ఉంది.

జాబితా నుంచి పూర్తిగా తీసేసిన సందర్భాలున్నాయా?

ఇప్పటిదాకా మూడే.

2007లో ఒమన్‌లోని అరేబియన్ ఒరిక్స్ అభయారణ్యం. చమురు కోసం ప్రభుత్వం అభయారణ్య విస్తీర్ణాన్ని 90 శాతం కోసేసింది. 1996లో 450 ఉన్న ఒరిక్స్‌లు (జింక లాంటి జంతువులు) అప్పటికి 65కి పడిపోయాయి. తీసేయమని ఒమన్ కూడా కోరింది.

2009లో జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బే లోయ. నది మీద నాలుగు వరసల వంతెన కట్టడం కారణం. ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఏంటంటే, ఆ వంతెన కావాలని ఓటు వేసింది ఊరి జనమే. 2005లో రెఫరెండం పెట్టారు, వంతెన గెలిచింది. సొరంగం తవ్వితే గుర్తింపు ఉంటుందని సలహాలొచ్చాయి, నగరం వినలేదు. రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే మనిషికి వంతెన అవసరమా, లేక ఆ లోయ అందం ప్రపంచం అందరిదా? దీనికి తేలికైన జవాబు లేదు.

2021లో లివర్‌పూల్ ఓడరేవు ప్రాంతం. తీరం వెంబడి కొత్త కట్టడాల వల్ల పాత రూపు పోయిందని రహస్య ఓటింగ్‌లో 13–5 తేడాతో తొలగించారు.

కమిటీలో రాజకీయాలు ఉండవా?

ఎందుకుండవు? 21 దేశాలు ఒక గదిలో కూర్చుంటే రాజకీయం రాకుండా ఎలా ఉంటుంది? మొదట్లో ప్రతినిధులుగా పురావస్తు, ప్రకృతి శాస్త్రవేత్తలు వచ్చేవాళ్లు, ఇప్పుడు దౌత్యవేత్తలే ఎక్కువ. నిపుణులు ‘వద్దు’ అన్న దరఖాస్తులు కమిటీలో ‘సరే’ అయిపోవడం మామూలైంది. 2021లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌ను ప్రమాద జాబితాలో పెట్టాలని నిపుణులు సూచిస్తే, ఆస్ట్రేలియా దేశదేశాలూ తిరిగి మద్దతు కూడగట్టి ఆపించుకుంది. వెనిస్ విషయంలో కూడా 2021లో, 2023లో సూచన వచ్చింది, రెండుసార్లూ పక్కన పెట్టారు. అయితే ఆ ఒత్తిడి ఊరికే పోలేదు. 2021 ఆగస్టులో వెనిస్ నడిబొడ్డు నుంచి పెద్ద క్రూయిజ్ ఓడలను ఇటలీ నిషేధించింది.

ఇంకో అన్యాయం, లెక్కల్లో స్పష్టంగా కనిపించేది: జాబితాలో సగానికి దగ్గరగా ఐరోపా, ఉత్తర అమెరికాలవే. ఒక్క ఇటలీకే 61 ఉన్నాయి. సహారాకు దిగువనున్న ఆఫ్రికా మొత్తం కలిపినా పదో వంతు రాదు. అక్కడ వారసత్వం లేక కాదు, వందల పేజీల నివేదిక తయారు చేయడానికి డబ్బు, సిబ్బంది లేక.

ఒక్కోసారి గుర్తింపే చిచ్చు పెడుతుంది. సరిహద్దు కొండ మీదున్న ప్రేహ్ విహార్ ఆలయం కంబోడియాదని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లోనే తేల్చింది. 2008లో అది జాబితాలో చేరాక థాయ్‌లాండ్, కంబోడియా సైనికులు ఆ కొండ చుట్టూ కాల్పులు జరుపుకున్నారు.

రెండు మూడు దేశాల్లో విస్తరించిన అడవుల సంగతేంటి?

సహకారం నిజంగా ఏం చేయగలదో చూడాలంటే పర్వత గొరిల్లాల దగ్గరికి వెళ్లాలి. కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్, రువాండా, ఉగాండా కలిసే చోట అగ్నిపర్వతాల వాలుల్లో ఇవి బతుకుతాయి. ఆ దేశాల మధ్య సంబంధాలు చాలాసార్లు యుద్ధం దాకా వెళ్లాయి. కాంగో వైపున్న విరుంగా పార్కు 1994 నుంచి ప్రమాద జాబితాలోనే ఉంది, సంవత్సరాలుగా 200 మందికి పైగా రేంజర్లు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా మూడు దేశాల అటవీ సిబ్బంది కలిసి గొరిల్లాలను లెక్కపెట్టారు, గుంపులు సరిహద్దు దాటితే ఒకరికొకరు కబురు చెప్పుకున్నారు. 1980లలో కొన్ని వందలకు పడిపోయిన గొరిల్లాల సంఖ్య ఇప్పుడు వెయ్యి దాటింది. 2018లో ఐయూసీఎన్ వాటి ముప్పు స్థాయిని ఒక మెట్టు తగ్గించింది. ప్రభుత్వాలకు పడకపోయినా రేంజర్లకు పడింది, అదే గొరిల్లాలను కాపాడింది.

శాంతంగా సాగిన ఉదాహరణ కావాలంటే వాడెన్ సముద్రం ఉంది. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ 1978 నుంచి కలిసి పనిచేస్తున్నాయి. ఆటుపోట్లకు తేలి మునిగే ఆ బురద మైదానాల మీదుగా ఏటా కోటి నుంచి కోటీ ఇరవై లక్షల పక్షులు వెళ్తాయి. ఆ దారి ఆర్కిటిక్ నుంచి ఆఫ్రికా పడమటి తీరం దాకా ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఆఫ్రికా దేశాలతో కూడా కలిసి పక్షుల లెక్క చూస్తున్నారు.

జంతువుల కోసం వేరే ఒప్పందాలున్నాయా?

ఉన్నాయి, ఇంకా పాతవి కూడా. చిత్తడి నేలల కోసం 1971 నాటి రామ్‌సర్ ఒడంబడిక, వలస జాతుల కోసం 1979 నాటి బాన్ ఒడంబడిక. వ్యాపారాన్ని అదుపు చేసేది 1973లో సంతకాలైన సైటిస్. 40,000కు పైగా జంతు, వృక్ష జాతుల ఎగుమతి దిగుమతులు దీని కిందికి వస్తాయి. 1989లో ఆఫ్రికా ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపింది ఇదే. ప్రపంచ వారసత్వ ఒప్పందం చోటును కాపాడుతుంది, సైటిస్ ఆ చోటు నుంచి బయటికి వెళ్లే సరుకును పట్టుకుంటుంది.

యుద్ధంలో కట్టడాలను ఎవరు కాపాడతారు?

రెండో ప్రపంచ యుద్ధంలో జరిగిన ధ్వంసం చూశాక 1954లో హేగ్‌లో ఒక ఒడంబడిక చేసుకున్నారు. సాంస్కృతిక కట్టడాలను లక్ష్యంగా చేసుకోకూడదు, వాటిలో సైన్యాన్ని దాచకూడదు. గుర్తుగా నీలం, తెలుపు రంగుల డాలు బొమ్మ పెట్టొచ్చు. కానీ ‘సైనిక అవసరం తప్పనిసరైతే’ అన్న మినహాయింపు అందులో ఉంది, ఆ సందులోంచి ట్యాంకులే దూరిపోతాయి. దాన్ని బిగించడానికి 1999లో రెండో ప్రోటోకాల్ తెచ్చారు.

శిక్ష పడిందా అంటే, పడింది. 2012లో మాలీలోని టింబక్టూను సాయుధ ముఠాలు ఆక్రమించి సూఫీ గురువుల సమాధి మందిరాలను పారలతో, గునపాలతో కూలగొట్టాయి. ఆ పని చేయించిన అహ్మద్ అల్ ఫకీ అల్ మహదీకి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో తొమ్మిదేళ్ల జైలు వేసింది. అతను నేరం ఒప్పుకున్నాడు. కేవలం కట్టడాల ధ్వంసం మీదే ఆ కోర్టు ఒక మనిషిని శిక్షించడం అదే మొదటిసారి. 27 లక్షల యూరోల పరిహారం కూడా చెప్పింది.

ఈ కథలో తీర్పు కంటే నన్ను కదిలించేవి ఇంకో రెండు విషయాలు. ముఠాలు ఊళ్లో ఉండగానే అక్కడివాళ్లు వేలకొద్దీ పాత రాతప్రతులను ఇనప పెట్టెల్లో పెట్టి గుట్టుగా రాజధాని బమాకో చేర్చారు. మందిరాలను మళ్లీ కట్టిందీ తరతరాలుగా ఆ పని చేస్తున్న అక్కడి మేస్త్రీలే. యునెస్కో, దాత దేశాలు డబ్బు, పర్యవేక్షణ ఇచ్చాయి. 2015కల్లా మందిరాలు మళ్లీ లేచి నిలబడ్డాయి.

కూలిపోయినదాన్ని మళ్లీ కడితే అది వారసత్వం అవుతుందా?

దీని మీద నిపుణులే ఒక్క మాట మీద లేరు. బోస్నియాలోని మోస్టార్ పాత వంతెన 1566 నాటిది, 1993లో ఫిరంగుల దాడిలో నదిలో కూలింది. ఎన్నో దేశాల సాయంతో, అదే రకం రాయితో, పాత పద్ధతిలో కట్టి 2004లో తెరిచారు. 2005లో అది జాబితాలో చేరింది. రాయి కొత్తదే, కానీ విడిపోయిన రెండు ఒడ్లు మళ్లీ కలవడమే దాని విలువ అని కమిటీ భావించింది. యుద్ధంలో నేలమట్టమై తిరిగి కట్టిన వార్సా పాత పట్టణం 1980లోనే చేరింది.

అదే అఫ్గానిస్తాన్‌లో 2001లో పేల్చేసిన బామియాన్ బుద్ధ విగ్రహాలను ఇప్పటికీ మళ్లీ కట్టలేదు. విగ్రహాలుండిన కొండ గూళ్లు కూలిపోకుండా జపాన్ నిధులతో బిగించారు, ముక్కలను ఏరి భద్రపరిచారు, అంతే. ఖాళీ గూడే చరిత్ర చెబుతుందని వాదించేవాళ్లున్నారు. నాకూ అటువైపే మొగ్గు. 1994లో జపాన్‌లోని నారా నగరంలో జరిగిన సమావేశం ఒక పెద్దరికమైన మాట చెప్పింది: ఏది అసలైనది అన్న ప్రశ్నకు అన్ని సంస్కృతులకూ ఒకే కొలత పనికిరాదు.

దొంగిలించిన, ఎత్తుకుపోయిన వస్తువులు తిరిగి వస్తాయా?

1970 తర్వాత పోయినవైతే ఆశ ఉంది. ఆ ఏడాది యునెస్కో చేసిన ఒడంబడికలో 140కి పైగా దేశాలున్నాయి. దొంగ సరుకు తమ దేశంలో దొరికితే, వస్తువు తమదేనని అవతలి దేశం రుజువు చూపితే, తిరిగి ఇప్పించాలి. చిక్కంతా ‘రుజువు’ దగ్గరే. ఫొటో, కొలతలు, రిజిస్టరులో నమోదు లేకపోతే వేలం కంపెనీ వకీలు ముందు నిలబడలేరు. తవ్వి తీసి అమ్మిన వస్తువుకైతే ఫొటో ఎక్కడి నుంచి వస్తుంది?

1970కి ముందు, ముఖ్యంగా వలస పాలనలో పోయినవాటికి ఈ ఒడంబడిక వర్తించదు. అక్కడ మిగిలేది నచ్చజెప్పడం, ఒత్తిడి, సిగ్గు. 1937లో ఇటలీ సైన్యం ఇథియోపియా నుంచి ఎత్తుకుపోయిన ఆక్సుమ్ శిలాస్తంభాన్నే చూడండి. 24 మీటర్ల పొడవు, 150 టన్నులకు పైగా బరువు. తిరిగి ఇస్తామని 1947 శాంతి ఒప్పందంలోనే ఇటలీ ఒప్పుకుంది. ఇచ్చింది 2005లో! మూడు ముక్కలుగా విమానంలో తెచ్చి, 2008లో యునెస్కో పర్యవేక్షణలో నిలబెట్టారు. 1897లో బ్రిటిష్ సైన్యం దోచుకున్న బెనిన్ కంచు శిల్పాల్లో జర్మనీ మ్యూజియంలకు చేరినవాటిని 2022లో ఆ దేశం నైజీరియాకు అప్పగించడం మొదలుపెట్టింది. బ్రిటిష్ మ్యూజియం మాత్రం 1963 నాటి చట్టాన్ని చూపించి, ఇవ్వడానికి వీల్లేదంటుంది. చట్టం మార్చుకునేది కూడా వాళ్ల పార్లమెంటే అనుకోండి.

పాటలు, పండుగలు, చేతి విద్యల సంగతి?

వాటికి 2003లో వేరే ఒడంబడిక వచ్చింది. అక్కడ ‘అన్నింటికంటే గొప్పది’ అన్న పోటీ లేదు, ఆ విద్య తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారా, నేర్చుకునేవాళ్లు ఉన్నారా అనేదే చూస్తారు. 2018లో సంప్రదాయ కొరియన్ కుస్తీని ఉత్తర, దక్షిణ కొరియాలు కలిసి నమోదు చేయించుకున్నాయి. సరిహద్దులో తుపాకులు అలాగే ఉన్నాయి, కుస్తీ మాత్రం ఇద్దరిదీ అని సంతకం పెట్టారు.

సముద్రం అడుగున మునిగిన ఓడలు?

2001 ఒడంబడిక ప్రకారం కనీసం 100 ఏళ్లుగా నీటిలో ఉన్నవి వారసత్వం కిందికి వస్తాయి. వీలైనంత వరకు ఉన్నచోటే ఉంచాలి, అమ్ముకోవడానికి తీయకూడదు. పెద్ద నౌకాబలం ఉన్న దేశాల్లో కొన్ని ఇంకా సంతకం పెట్టలేదు.

గుర్తింపు వల్ల అక్కడ బతికే జనానికి నష్టం జరుగుతుందా?

జరిగిన చోట్లున్నాయి, దాచాల్సిన పని లేదు. కెన్యాలో బొగోరియా సరస్సు చుట్టూ తరతరాలుగా ఉన్న ఎండోరోయిస్ ప్రజలను అభయారణ్యం పేరుతో 1970లలో ఖాళీ చేయించారు. అది తప్పని ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ తేల్చిన విషయం 2010లో బయటికొచ్చింది. ఆ మరుసటి ఏడాదే, వాళ్లను సరిగ్గా అడగకుండానే, ఆ సరస్సు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిపోయింది. ఇలాంటివాటి మీద వచ్చిన విమర్శల తర్వాత, స్థానిక ఆదివాసుల ముందస్తు సమ్మతి తీసుకున్నట్టు దేశాలు చూపించాలని 2019లో మార్గదర్శకాలను గట్టిపరిచారు. కాగితం మీది సమ్మతికీ నిజం సమ్మతికీ ఉన్న దూరం మాత్రం ఏ మార్గదర్శకమూ కొలవలేదు.

మరోవైపు ఆస్ట్రేలియాలోని ఉలూరు ఉంది. ఆ రాతికొండ ఎక్కొద్దని అక్కడి అనంగు ప్రజలు ఎన్నో ఏళ్లు బతిమాలారు. 2019 అక్టోబరులో ఎక్కడాన్ని శాశ్వతంగా ఆపేశారు. పార్కు బోర్డులో అనంగులే ఎక్కువమంది ఉండటంతో అది సాధ్యమైంది. పర్యాటకుల తాకిడి గురించి అడిగేవాళ్లకు కూడా నా జవాబు ఇదే: రోజుకు ఎంతమంది రావాలో నిర్ణయించే కుర్చీలో ఎవరు కూర్చున్నారో ముందు చూడండి.

ఒక దేశం యునెస్కో నుంచి బయటికి వెళ్లిపోతే దాని స్థలాల పేర్లు పోతాయా?

పోవు. యునెస్కో సభ్యత్వం వేరు, 1972 ఒడంబడిక వేరు. ఈ ఒడంబడికను అందరికంటే ముందు ఆమోదించింది అమెరికా, 1973లో. అదే అమెరికా 1984లో యునెస్కోను వదిలింది, 2003లో తిరిగొచ్చింది, 2018లో మళ్లీ వెళ్లింది, 2023లో మళ్లీ వచ్చింది, 2026 చివర్లో మళ్లీ వెళ్తానని 2025లో ప్రకటించింది. ఇంతకాలం ఎల్లోస్టోన్ జాబితాలోనే ఉంది. దెబ్బ తగిలేది బడ్జెట్‌కే.

మామూలు మనిషి చేయగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. పాత విగ్రహమో నాణేలో కొనబోయే ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే వదిలేయండి. ఇంటర్‌పోల్ వాళ్ల ‘ఐడీ ఆర్ట్’ యాప్‌లో చోరీ అయిన కళాఖండాల వివరాలు వెతకొచ్చు, ఉచితం. మీకు తెలిసిన పాత కట్టడంలో విగ్రహాలుంటే అన్ని వైపుల నుంచీ, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తీసి, తేదీతో సహా సంబంధిత శాఖకు ఇవ్వండి. రేపు అది పోయి ఇంకో ఖండంలో తేలితే ఆ ఫొటోయే రుజువు. విదేశాల నుంచి పగడాలు, దంతం, తాబేటి చిప్పతో చేసినవి తెచ్చుకోకండి, చాలావాటికి సైటిస్ అనుమతి కావాలి, లేకపోతే కస్టమ్స్‌లో ఇరుక్కుంటారు.

ఫలానా జాతీయ గీతం ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో ప్రకటించిందట, నిజమేనా?

కాదు. యునెస్కో అలాంటి పోటీలు పెట్టదు. ఈ ఫార్వర్డ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ఏదైనా గుర్తింపు నిజంగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ప్రపంచ వారసత్వ కేంద్రం జాబితాలో ఆ పేరు, చేరిన సంవత్సరం చూడండి. తాత్కాలిక జాబితాలో చేరడాన్నే ‘యునెస్కో గుర్తింపు’ అని రాసే వార్తలు కూడా వస్తుంటాయి, వాటి దగ్గర కూడా కాస్త ఆగండి.